పదహారో సీసా

నా పని దరువు.
అరచేతులు దొప్పల్లా వంచి
మత్తులో ఉన్న మనిషి వీపు మీద, పక్కటెముకల మీద
ఆగకుండా కొట్టడం.
లోపల లీటరు ఉప్పునీళ్ళు,
ఒంటి వేడికి సరిపడా కాచినవి,
కుడి ఊపిరితిత్తి నిండా.
ఎడమది రెండింటి వంతూ గాలి పీలుస్తోంది.

బ్రిస్బేన్‌లో అక్టోబరు.
కిటికీ అవతల జకరందాలు ఊదారంగు రాలుస్తున్నాయి.
చెత్తబుట్ట దగ్గర రెండు ఐబిస్ కొంగలు
ఎవరో పారేసిన పొట్లం కోసం తగువులాడుతున్నాయి.
బల్ల మీద త్రిన్ ఖియెమ్.
ముప్పై నాలుగేళ్ళు, ఇనాలాలో ఇల్లు,
పదకొండేళ్ళు వంటింటి గట్లు కోసిన చేతులు.

రాయంటే కొండ నుంచి వచ్చింది కాదు.
పలుగురాతి పిండిని జిగురుతో ముద్దచేసి
పలకలుగా ఒత్తింది.
మరక పట్టదు, గీత పడదు,
పసుపైనా ఒక్క తుడుపుకి పోతుంది.
అదే దాని గొప్ప.
రంపం తగిలినప్పుడు లేచే ధూళి మాత్రం
ఏ గుడ్డకీ దొరకదు.

మొదటి సీసా నిండింది.
బియ్యం కడిగిన తొలి కడుగులా
చిక్కగా, తెల్లగా.
రెండోదీ అంతే. మూడోది ఇంకా చిక్కన:
దరువు సరైన చోట పడిందన్నమాట.
"ఆగొద్దు," అంది డాక్టర్ మార్గో, తలెత్తకుండా లెక్క రాస్తూ.

ఏడో సీసాకి నా మణికట్లు మొండికేశాయి.
తొమ్మిదో సీసాకి ఎందుకో మా వంటిల్లు గుర్తొచ్చింది.
తెల్లటి గట్టు. పొద్దుటి ఎండ పడితే
పాలు ఒలికి గడ్డకట్టినట్టుంటుంది.
పెట్టించిన రోజు ధర అడిగాను, ఎవరు కోశారో అడగలేదు.
సింకు కోసం తొలిచిన కంత అంచు
ఎంత నున్నగా ఉందో వేలితో తడిమి మురిశాను.
ఆ కంతలోని రాయి
ఎటు పోయిందని అప్పుడు తోచలేదు.

పదకొండు. పలచబడింది.
పదమూడు, కొబ్బరినీళ్ళు.
పదహారో సీసాలోంచి చూస్తే
గోడగడియారం అంకెలు కనిపించాయి.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఎడమది వచ్చే నెల.

పరిశోధన ఇది.
కడిగితే బాగుపడతారని ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.
పైపైన పేరుకున్నది కొట్టుకొస్తుంది,
ధూళి చుట్టూ ఒళ్ళు కట్టుకున్న గోడ రాదు.
ఎందరికి, ఎన్నాళ్ళు అనే గడులు
మార్గో కాగితంలో ఖాళీగానే ఉన్నాయి.
అందులో ఖియెమ్‌కి పేరు లేదు,
పంతొమ్మిది అనే అంకె ఉంది.

మూడో రోజు లేచి కూర్చున్నాడు.
"సీసాలు చూపిస్తారా?"
ట్రాలీ మీద వరసగా పెట్టి తెచ్చాను.
మొదటిదాన్ని వెలుతురుకి ఎత్తి,
అడుగున దిగిన పొరను కొంచెం కదిపి,
కళ్ళు చికిలించి, పనివాడిలా రంగు పోల్చుకున్నాడు:
"ఇది 'మంచు తెలుపు' కాదు, 'చలికాలపు సముద్రం'.
రెండు వేల పదిహేడులో తెగ అమ్ముడుపోయింది."
నవ్వబోతే దగ్గొచ్చింది.
ఒకటి ఇంటికి పట్టుకెళ్తానన్నాడు. కుదరదన్నాను,
అవి మైనస్ ఎనభైలో దాచాలి, పరిశోధన సొత్తు.
"నాలోంచి వచ్చిందేగా," అన్నాడు,
గొడవకి కాదు, ఊరికే.

అతని భార్య థుయ్ సీసాల కేసి చూడలేదు.
అన్నేళ్ళూ ఆ చొక్కాలు
దులిపి ఉతికింది తనే.
ఆమె ఛాతీకి కూడా ఎక్స్‌రే తీయించమని
ఆ సాయంత్రం చీటీ రాశాం.

ఆరు నెలలకి స్కాన్.
"మంచు కొంత విడిచింది, రాళ్ళు అక్కడే ఉన్నాయి,"
మార్గో అన్నది ఇంతే.
ఇప్పుడతను రొట్టెల వ్యాన్ నడుపుతాడు.
పిండిబస్తాల గది వైపు అడుగు పెట్టడు.
మెట్లొస్తే సగంలో
ఫోన్ చూసుకుంటున్నట్టు ఆగుతాడట.

మొన్న క్లినిక్‌కి వచ్చి
రిసెప్షన్ బల్ల అంచుని
వేలికణుపులతో రెండుసార్లు తట్టాడు.
చెవి వంచి విన్నాడు.
"చెక్కే. పైన కాగితం అతికించారు," అన్నాడు,
"పరవాలేదు."
మోచేతులు రెండూ దాని మీద ఆనించి
ఊపిరి అందేదాకా
అలాగే నిలబడ్డాడు.