టలూసా కౌంటీలో చూడదగినవి

మ్యూజియం అంటే పాత జైలే.
రెండు డాలర్లు. బుధవారం, శనివారం.
తాళంచెవి వెర్డెల్ స్టాల్‌వర్త్ గారి చేతిసంచిలో,
దగ్గుబిళ్లల మధ్య.

"ముందు పేరు సంగతి చెప్తా" అందావిడ.
"ఈ పేరు పెట్టినవాళ్లని పడమటికి తోలేశారు.
బరువనుకుని పేరు వాళ్లే వదిలేశారో,
వీళ్లు గుంజుకున్నారో. రెండు వాదాలున్నాయి."
నవ్విందో లేదో, చీకట్లో తెలియలేదు.

గాజు కింద పత్తి జిన్ను పళ్లు,
వరదలో నాని ఎండి ఉబ్బిన బైబిలు,
వేరుశనగ రాణి కిరీటం, రెండు రాళ్లు రాలినది.
కిటికీలోంచి కోర్టు గడియారం
నాలుగూ ఇరవై దగ్గర ఆగి.
పిడుగని కొందరు, పావురాలని కొందరు.
బాగు చేయించడానికి చందాలు మాత్రం
ఆవిడ జడలేసుకున్నప్పటి నుంచీ వసూలవుతూనే ఉన్నాయి.

చివరి కొట్టులో తోలు అట్ట ఖాతాపుస్తకం.
వేలు గాజుకి అంగుళం పైనే ఆపి
చదివింది:
నాగలి ఒకటి.
కంచరగాడిద, ఒంటికన్నుది, నలభై.
టెంపీ, పదకొండేళ్లు, ఆరువందలు.
ఇత్తడి గంట.

"మా తాతని కన్నతల్లి" అంది,
కిరీటం చూపించిన గొంతుతోనే.
"గంట ఇంకా ఉంది, ఏటి అవతల చర్చిలో.
ఆదివారం వస్తే వినొచ్చు."

తాళం రెండుసార్లు లాగి చూసుకుని
వంతెన దగ్గర పల్లీలు కొనుక్కోమంది.
ఉప్పు లోపలిదాకా పట్టించేది
డూప్రీ ఒక్కడేనట.

కొన్నాను. ఉడికిన కాయలు, పొట్లం అడుగు తడి.
చెప్పులకి ఎర్రమన్ను, ఎంత దులిపినా.
నాలుగూ ఇరవై కింద కారాపి
ఒలుచుకుంటూ కూర్చున్నాను.
చీకటి పడేలోపు హైవే ఎక్కాలి.
ఇవాళ శనివారం.
పొట్లంలో ఇంకా సగం ఉన్నాయి.