తేజ ఘాటు

మంగళారం, ఎండ పొద్దు.
పోచమ్మమైదాన్ సందుల పార్లర్‌ల ఎవ్వలు లేరు,
ఫ్యానొక్కటే తిరుగుతాంది.
చెప్పులు గడప బయటనే ఇడిసి
లోపలికి తొంగి చూసింది కొమురమ్మ.
"ఆవిరి పడుతరట గదా.
ముక్కుకు గాదు, నెత్తికి."

నేను ధర చెప్పకముందే
కొంగు ముడి ఇప్పి మూడు వందలు బల్ల మీద పెట్టింది.

ఎందుకొచ్చినవని అడుగలె. ఆమెనే చెప్పింది.
పోయిన ఐతారం ఎంటికలు కొనేటాయన వచ్చిండట
సైకిల్‌కు స్టీలు గిన్నెలు గట్టుకొని.
ఏడాది సంది గోడ సందుల దోపిన చుట్టను
చేతుల నలిపి సూశిండట.
"పీసు లెక్క ఇరుగుతాంది పెద్దమ్మా,
దీనికి చెంచ గూడ రాదు" అన్నడట.

చెంచ గూడ రాదట!
అద్దం దిక్కు చూసుకుంట ఇంకోసారి అన్నది.

కొప్పు ఇప్పిన.
ఇరవై రెండేండ్ల ఎనుమాముల యార్డు
ఎర్రటి దుబ్బయి నా ఒళ్లె రాలింది.

తల కడిగి, నీళ్లు పిండి,
పాయ పాయ తీసి క్రీము పెట్టిన.
కుదుళ్లకు గాదు, కొసల దిక్కు,
ఎక్కడ ఎక్కువ కాలిందో అక్కడ ఎక్కువ.
పెద్దపండ్ల దువ్వెనతోని కింది నుంచి పైకి
ఒక్కొక్క చిక్కు.
చిక్కు తగిలినప్పుడల్లా ఆమె ఏమనలె,
కుర్చీ చెయ్యిని గట్టిగ పట్టుకున్నది.

మిషిన్ టోపి కిందికి గుంజి స్విచ్చేసిన.
ఐదు నిమిషాలకు ఆవిరి లేచింది,
దానెంట ఘాటు లేచింది.
రజిత తుమ్మింది. నేను తుమ్మిన.
పక్క దుకాణం టైలర్ గూడ తుమ్మిండు.
టోపి కింద కండ్లు మూసుకొని
ఆమె ఒక్కతే తుమ్మలె.
"తేజ," అన్నది, "పోయిన వారం లాటుది.
చపాటా అయితే రంగే గని గింత మంటుండదు."

నేను చెప్పవోయిన:
ఎంటిక మీద గూన పెంకుల అసొంటి పొరలుంటయి,
ఆవిరికి మెత్తబడి సందిస్తయి,
క్రీము లోపలికి వోతది,
ఎనుక సల్లనీళ్లతోని మూసుడు.

నవ్వింది.
"నాకు జెప్తున్నవా బిడ్డా!
బొత్తిగ ఎండిన కాయ
ముట్టుకుంటే పటుక్కున పలిగి గింజలు రాలుతయి.
అందుకే తడి సల్లి, గోనె కప్పి, జెరసేపు ఆగుతం.
అప్పుడు వంగుతది, ఇరుగది.
ఎక్కువ తడిపినవో, బూజు.
నీ మిషిన్ ఎంతసేపు?"
ఇరవై నిమిషాలన్న.
"సరిపోతది" అన్నది
నాకు పని నేర్పే మేస్త్రి లెక్క.

హన్మకొండల ఆర్నెల్లు కోర్సు జేసిన నేను.
సర్టిఫికెట్ గోడకున్నది.
గోనె ముచ్చట అండ్ల లేదు.

తర్వాత నిద్రవోయింది.
మెడ మీది నుంచి నీటిబొట్లు జారుతున్నయి.
ఒళ్లె ఉన్న చేతుల
బొటనవేలు, చూపుడువేలు
ఒకదానికొకటి రాసుకుంటున్నయి:
ముచ్చిక. ముచ్చిక. ముచ్చిక.

సల్లనీళ్లకు ఉలిక్కిపడి లేచింది.
పట్టు లెక్క గాలె, అబద్ధమెందుకు.
కని దువ్వెన మధ్యల ఆగకుండ
నడుం దాక దిగింది.
పదిహేను రోజులకోసారి రావాలె,
లేకుంటే ఇంట్ల ఉడుకునీళ్ల టువాల పిండి చుట్టుకోవాలె,
సల్లారితే మళ్ల, అన్న.
"యార్డు బందున్ననాడు చూద్దాం తియ్యి."

పోయేటప్పుడు
దువ్వెనకున్న ఎంటికలు తీసి చుట్ట చుట్టి
రయికెల దోపుకున్నది.
"మళ్ల ఐతారం వానికి చూపెడత.
చూపెడత గంతే. ఇయ్య."

రాత్రి అన్నం తిన్నంక
మర్చిపోయి కన్ను నలుచుకున్న.
సబ్బుతోని మూడుసార్లు కడిగిన చేతులే.
గోర్ల సందుల ఇంక
తేజ ఉన్నది.