ఆరో అంకె

ఆద్రా రైల్వే బడి నుంచి నన్నీ పనికి పంపారు.
భుజాన సంచీ, మెడలో కార్డు,
శిరీషడాంగాలో నలభై ఏడో గడప.
ఫిబ్రవరి ఎండ పెంకుల మీంచి దిగిపోతోంది.

వసారాలో కత్తిపీట ముందు నీరదబాలా మాజీ,
ఒళ్ళో సొరకాయ.
కోస్తున్నారా అనబోతే మనవరాలు ఆపింది:
"మా వంటింట్లో ఆ మాట అనరు మాస్టారూ.
కూరని చేస్తాం, అంతే."

పేర్లయ్యాయి. వయసులు తేల్చాం,
పుట్టింటి నుయ్యి ఎండిన ఏడు ముసలామె నడక నేర్చిందట.
మతం గడి దగ్గర
కొడుకు భవతారణ్ పెరట్లోంచే కేకేశాడు:
"ఒకటి వెయ్యండి. మా నాన్నకీ ఒకటే వేశారు."
వేశాను. నీలి సిరా, నిలువు గీత.

ఆమె లేచి నీళ్ళు తోడి గుడ్డలో వడకట్టింది.
గుడ్డ తిరగేసి, కాసిని నీళ్ళు పోసి,
అందులో మిగిలిన కంటికానని వాళ్ళని
అదే నూతిలోకి దింపింది.
"ఎక్కడి వాళ్ళు అక్కడికే చేరాలి" అంది,
ఎవరి గురించి అందో.

తిరిగొచ్చి కూర్చుంది.
"మా గోత్రం ఆదిదేవుడు.
పొలం గట్టున బట్టల్లేకుండా నిలబడ్డ రాయికి
ఊరంతా నూనె పోసి భైరవుడంటారే,
మా అత్త దానికి వేరే పేరు చెప్పేది, చెవిలో.
నువ్వేం రాశావు బాబూ?"

"జైనులకి ఆరు వెయ్యాలి" అంది మనవరాలు.
"దానికేం, కొట్టేసి రాస్తాను" అన్నాను వాళ్ళ బెంగాలీలో.
ఆ భాషలో కొట్టివేతని కోత అంటారు.
కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.
మా అమ్మ భాషలో అన్నా దెబ్బే తగిలేది.
ఒక అంకెని మార్చడానికి
గాయం లేని మాట నా దగ్గర లేదు.

ఆమె దగ్గరుంది.
"కోయకు నాయనా. దాన్నే ఆరు చెయ్యి."

ఒకటి కాలి పక్కన చిన్న సున్నా చుట్టాను.
మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషిలా వచ్చింది.

"మొత్తం ఎంతమందిమి?"
పోయినసారి నలభై రెండు లక్షల చిల్లర, దేశమంతా.
"మమ్మల్ని కలుపుకునా, వదిలేసా?"
జవాబు సంచీలో లేదు.

తలెత్తేసరికి పొద్దు గుంకింది.
సొరకాయ సగంలో ఉంది.
చీకటి పడ్డాక ఆమె ముద్ద ముట్టదు.
తలలు లెక్కపెట్టడానికి వచ్చి
ఒక పూట కూడు తినేశాను.
"రేపుంది కదా" అంటూ
సగం కాయ మీద తడిగుడ్డ కప్పింది.

ఆ కాగితం ఏ ఊళ్ళో ఏ యంత్రం కిందికి పోయిందో,
అది గీతనే చదివిందో,
పక్కన ముడుచుకున్న సున్నాని చూసిందో.