చెప్పుల లైను

గడియారం సెంటర్ల, మందుల దుకాణం మీది అంతస్తుల
మూడు కంప్యూటర్లు, ఒక కూలర్.
బుధవారం కూలర్ల నీళ్లు పోసుడు నా వంతు.
ఇంతియాజ్ అన్న కుర్చీ జరుపుకొని వచ్చి చెప్పిండు:
"ఫంక్షన్ మూడు అడుగుతది.
నీ పరీక్షకు పనికొచ్చేది ఒక్కటే.
మిగిలిన జాగలల్ల డమ్మీలు పెట్టు.
జాగ నిండితే సాలు."

డమ్మీ అంటే
రెండు మీసాల బ్రాకెట్లు, నడుమ గాలి.
జావాస్క్రిప్టు ఎవ్వరినీ నీదే ఊరని అడగదు,
ఇచ్చింది తీసుకుంటది.
ముట్టుకున్నప్పుడే బయటపడుతది
అందుల ఏమీ లేదని.

నాకు జల్ది సమజైంది.
హాలియ సొసైటీ ముందర
యూరియా లారీ వస్తదన్న మాటకే
తెల్లారగట్ల నాలుగింటికి చెప్పులు నిలబడతయి.
మనుషులు చాయ్ బండి కాడ, గోడ నీడకు.
చెప్పులే ఎండల, ఒకదానెనక ఒకటి.
మా నాయినవి నీలం పట్టీలయి,
ఎడమదానికి పిన్నీసు.
వాటికి భూమి లేదు, ఆధార్ లేదు, ఏలిముద్ర లేదు,
వాటిని ఎవరూ ఏమీ అడగరు.
అయినా వాటిని దాటి
పద్దెనిమిదో నంబరు ముందలికి పోదు.

అన్నకు చెప్తె నవ్విండు.
"మరి గడ్డిదూడ?" అన్నడు.
వాళ్లింట్ల ఒకప్పుడు పాల యాపారం.
సచ్చిన దూడ తోలుల వరిగడ్డి కుక్కి నిలబెడితే
బర్రె దాన్ని నాకి నాకి చేపేదట.
"అది డమ్మీ కాదన్నా," అన్న నేను.
"బర్రె దాన్ని ముట్టుకుంది. నమ్మింది. పాలిచ్చింది.
డమ్మీ దిక్కు ఎవరూ సూడనన్న సూడొద్దు."
అన్న ఏమనకుండ కుర్చీ మల్ల అటు జరుపుకున్నడు.
శభాష్ అన్నట్టే అనుకున్న.

మేం చేసేది గూడ యూరియా పనే.
ఎవరికి ఎన్ని బస్తాలో లెక్కకట్టే యాప్.
ఫంక్షన్ అడిగే మూడు:
రైతు, ఎకరాలు, మెసేజ్ పంపేది.
నేను రాయాల్సిన పరీక్ష ఒక్క ముక్క:
ఎకరాలు సున్నా అయితే బస్తాలు సున్నా.

మెసేజ్ జాగల ఖాళీ బ్రాకెట్లు.
ఎకరాల జాగల సున్నా, అది నిజం సున్నా.
రైతు జాగల ఏదన్న ఒకటి పెట్టొచ్చు,
చేతులు ఊకోలే,
పేర్వాల మట్టయ్య అని కొట్టిన.

మూడెకరాలు మా నాయిన దున్నేది.
పాసుబుక్కు మీద పేరు వేరే ఆయినది,
ఆ వేరే ఆయిన ఎల్బీనగర్ల ఉంటడు.
వరికి ఈ సంగతి తెల్వదు,
పిలకలు పెట్టే యాళ్లకు అది ఎవర్నని అడుగుతది?

పేరు కింద ఒక ఉచ్చు పెట్టిన.
అన్న నేర్పిన ఉపాయమే,
పెట్టింది నిజంగ డమ్మీనా కాదా తేలడానికి.
ఈ పేరును ఏ లైనన్న చదివిందా,
ఎర్రగ అరవాలె, పరీక్ష ఆడికాడికి పడిపోవాలె.

రన్ కొట్టిన.

ఆకుపచ్చ. నాలుగు మిల్లీసెకన్లు.

మొదటి లైన్ల సున్నాను సూసి
ఫంక్షన్ ఆడ్నుంచే మర్లిపోయింది.
పేరు దాకా రానేలే.
కోడ్ కరెక్ట్. పరీక్ష కరెక్ట్.
అన్న ఆడ్నుంచే బొటనవేలు లేపిండు.
నేను ఉచ్చును ఇంకోపాలి సూసుకున్న,
గట్టిగనే కట్టిన.

నాయినకు ఫోన్ కొట్టిన.
"లారీ వచ్చిందా?"
"పన్నెండింటికంటుండ్రు."
"నువ్వు యాడున్నవ్?"
"నీడకే. లైన్ల చెప్పులున్నయి గద."
"మరి కాళ్లకు?"
"ఏమున్నది బిడ్డా, నడవకపోతె కాలదు."

పరీక్షకు పేరు పెట్టుడు మిగిలింది.
పేరు చదివితెనే సంగతి తెల్వాలెనంటడు అన్న.
మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపిన.
ఆఖరుకు రాసిన:
'ఎకరాలు సున్నా అయితే, మనిషి పేరు చదవదు.'

అన్న వచ్చి నిలబడి సదివిండు.
తప్పనలే, ఒప్పనలే.
బకెట్ తీసుకొని కిందికి దిగిండు.
కూలర్ల నీళ్లు ఆయినే పోసిండు,
బుధవారమే అయినా.