ఓడినోళ్ల కప్పు

టెక్కలి నుంచి ట్రాలీ ఆటోలో తిరిగొస్తున్నాం,
తొమ్మిదిమందిమి, ఒక కప్పు.
కప్పు ఎత్తు జానెడు.
ఢిల్లమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చున్నీ కప్పింది,
గాలి కొడితే జలుబు చేస్తుందన్నట్టు.

మొదటి రోజే రాజాం పిల్లల చేతిలో
పదిహేడు పాయింట్ల తేడాతో పోయాం.
నేను కూతకెళ్లిన ఆరుసార్లూ
మధ్యగీత కనబడుతూనే ఉంది, అందలేదు.
తొలి ఆటలోనే ఓడిన జట్లకి
వేరే పోటీ పెట్టారు, దూరం నుంచి వచ్చారు,
ఉత్తచేతుల్తో పంపడం దేనికని.
అందులో గెలిచాం.
మూడు ఆటలు. చివరిది ఒక్క పాయింటుతో.

"కాల్సేద్దుమా?" అంది తవిటమ్మ.
సీటు కింద సంచిలో వెయ్యివాలా.
మనిషికి నలభై వేసుకుని బయల్దేరేముందే కొన్నది,
పెద్ద కప్పు కోసం.

"సిగ్గు నేదేటే?" అన్నాను.
"ఓడినోళ్లలో గెలిసినోళ్లం. దానికి మందుగుండా?
ఎవులైనా అడిగితే ఏటని సెప్తావు?"

ఎవరూ మాట్లాడలేదు. నందిగాం దాటాం.
లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి పోయింది.
మోకాలి దగ్గర చెక్కుకుపోయిన చోట
ట్రాక్ ప్యాంటు అంటుకుపోయి,
ఆటో కుదిపినప్పుడల్లా పీకుతోంది.

అప్పుడు ఊర్వశి,
మూడు రోజులూ బెంచీ మీదే కూర్చున్న మా ఎక్స్‌ట్రా ప్లేయరు,
జడలో పిన్ను తీసి
కప్పు అడుగున రేకు మీది అక్షరాలు గీకడం మొదలెట్టింది.
"ఓడిన జట్ల పోటీ అన్నది తీసేస్తే
విజేత ఒక్కటే మిగుల్తాది కదే."
నవ్వుతూనే అంది. అప్పటికే 'ఓ' సగం పోయింది.

అంత కోపం నాకెక్కణ్ణుంచి వచ్చిందో!
చీలమండ పట్టినట్టు
దాని మణికట్టు పట్టేశాను.

కాశీబుగ్గలో మేం చేసే పనేమిటి?
చేతులకి ఆముదం రాసుకుని
ఉడికిన పిక్క కొట్టి పప్పు తీస్తాం.
గుండు ఒక డబ్బాలోకి, బద్ద ఒక డబ్బాలోకి,
ముక్క ఇంకో దాన్లోకి, నూకని కూడా ఊడ్చి ఎత్తుతాం.
విరిగిందని బద్దని ఎవరూ పారబొయ్యరు.
ఎవరింటి పాయసంలోనో నేతిలో వేగి తేలుతుంది,
తినేవాడు దాని పుట్టుపూర్వోత్తరాలు అడగడు.
కానీ బద్దల డబ్బా మీద
గుండు చీటీ అంటించిన రోజున
దమయంతికి వారం కూలి కోసేశారు.
సరుకు తప్పు కాదు. చీటీ తప్పు.

ఇదంతా ఆటోలో అనలేదు, ఇప్పుడు రాస్తుంటే తోచింది.
అప్పుడు అన్నది ఇంతే:
"కాలిస్తే కాల్సండి. గీకకండి."

ఫ్యాక్టరీ గేటు దగ్గర వెయ్యివాలా పరిచాం.
చెమ్మ తగిలింది కాబోలు,
కాసేపు పేలి ఆగింది, ఆగి పేలింది, మళ్లీ ఆగింది.
"అచ్చం మన ఆటే" అని వెనక ఎవరో.
పొగలోంచి సూపర్‌వైజరు గురునాథం బయటికొచ్చి
"ఏటి, ఫస్టా?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు.
గీత దాటే ముందు పట్టినట్టు ఊపిరి పట్టి
"కాదు" అన్నాను.
"ఓడినోళ్ల కప్పు. అందులో ఫస్టు."

ఆయన దాన్ని తిప్పి, అడుగున చదివి,
"బాగుంది" అనలేదు, నవ్వనూ లేదు.
"రేపు ఎనిమిదింటికి రండి, ఏడొద్దు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ఆరు కూతలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి.
టపాసులు వాటిని తరమలేదు.
తరుముతాయని ఎవరన్నారు?

కప్పు ఇప్పుడు తూకం బల్ల పైన, గూట్లో ఉంది.
సగం గీకిన 'ఓ' అలాగే ఉంది.
సాయంత్రం కిటికీలోంచి వెలుతురు పక్కగా పడితే
అది నోరు తెరిచి
కూతకి వెళ్తున్నట్టుంటుంది.