తుడుపుల లెక్క

సెగెద్‌లో సెప్టెంబరంటే
ప్రతి గోడకీ ఎర్రటి మిరప దండలే.
కొట్టంలో గింజలు తీసీ తీసీ
మా అమ్మ చేతులకి ఆ మంట తెలియడం మానేసి
ముప్ఫై ఏళ్ళయింది.

నా ఉద్యోగమూ కారంతోనే:
మూడో అంతస్తు, తిసా నది వైపు కిటికీ.
ఎలుక కంట్లో ఒక్క చుక్క వేసి
ముందుకాలితో అది ఎన్నిసార్లు తుడుచుకుంటుందో
లెక్కపెట్టడం.

డాక్టర్ వెండెల్ సుద్దముక్కతో గీసి చూపించాడు:
ముఖపు నరం మూడు పాయలట,
పై పాయ కంటిలోకి దిగి
నల్లగుడ్డు మీది గాజుపొరలో
చీలి, మళ్ళీ చీలి, కనబడకుండా పోతుందట.
"నెత్తురు అడుగుపెట్టని చోటు అది, ఎతెల్కా.
పెడితే గాజు మసకబారుతుంది.
అందుకే అక్కడ కాపలావాళ్ళూ నరాలే, వంటవాళ్ళూ నరాలే."
వంట మాటొకటి అర్థమైంది.
బంగారు ఉప్పులో నానిన పొరని అద్దం కింద పెడితే
ఊదారంగు దారాలు,
ఎవరో అల్లుతూ అల్లుతూ
మధ్యలో లేచెళ్ళిపోయిన లేసు.

ముప్ఫై నాలుగు. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఏడు.
తర్వాత ఏడో నంబరు.
పుట్టిన రెండో రోజే దానికి కారం సూది పడింది,
సన్న నరాలన్నీ అప్పుడే రాలిపోయాయి.
చుక్క వేశాను.
అది మీసాలు సర్దుకుంది.
నా వంక చూసింది.
సున్నా.

ఆ సున్నాకి డాక్టర్ పండగ చేసుకున్నాడు,
ఆప్రికాట్ సారా నాకూ అరగ్లాసు పోశాడు.
"నొప్పి లేని కన్ను!" అన్నాడు.
అదృష్టం దానిది, అన్నాను నేను.
నిజంగానే అన్నాను.

ఆ సాయంత్రం బోను కడుగుతూ
అదే తొడుగు చేత్తో నా కన్ను నలుపుకున్నాను.
ఇంక చూడండి!
అమ్మనీ, అంతోనీ పునీతుణ్ణీ, వెండెల్ ముత్తాతల్నీ
ఒకే ఊపిరిలో పిలిచాను.
ఆయన పరుగెత్తుకొచ్చాడు,
కుళాయి కింద ఉన్న నా తలని చూసి
"ఎన్నిసార్లు తుడుచుకున్నావ్?" అన్నాడు.
చేతిలో పని కదా. నలభై ఆరు.
రిజిస్టర్లో అలాగే ఎక్కింది:
ఎతెల్కా, ఆడ, యాభై రెండేళ్ళు, సూది పడనిది.

నవంబరుకి ఏడో నంబరు కంటి మీద
మీగడ కట్టింది.
రంపపు పొట్టు రవ్వ రెప్ప కింద ఎన్నాళ్ళుందో
దానికే తెలియదు.
కంటికి రెప్ప కాపలా అంటాం,
రెప్పని నిద్రలేపేదెవరో
అడగం.

ఇంటికెళ్ళి అమ్మ చేతులు దీపం దగ్గర తిప్పి చూశాను.
వేళ్ళ చివర కాలిన మచ్చలు,
కొన్ని పాతవి, ఒకటి ఇవాళ్టిది.
"నొప్పేం లేదులే," అంది,
పెనం మూత మళ్ళీ ఉత్తచేత్తోనే తీస్తూ.

సోమవారం నుంచి ఏడో నంబరు కంట్లో
పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు వేస్తున్నాను.
రిజిస్టర్లో దానికి గడి లేదు.