మంగళవారం నీళ్లు

వచ్చిన మూడో రోజు
మినీబస్సు తలుపు తీసి అడిగాను
లా రవీన్ వెళ్తుందా అని.
పద్నాలుగు మంది ఉన్నారు లోపల.
ఒక్కరూ పలకలేదు.
రేడియోలో ఎవరో తాపీగా
చావు కబుర్లు చదువుతున్నారు.
ఒడిలో కోడిగంప పెట్టుకున్న పెద్దావిడ
నా వైపు చూడకుండానే అంది:
"గుడ్ మార్నింగ్."
అది పలకరింపు కాదు, దిద్దుబాటు.
తప్పు రాసిన పలక మీద
మాస్టారు అడ్డంగా గీసే గీత.

మా వైపు ఎదురుపడితే
భోజనాలయ్యాయా అంటాం,
ఎందాకా అంటాం.
పొద్దుకి శుభం చెప్పి గానీ నోరు విప్పకూడదని
నాకెవరూ నేర్పలేదు.
ఇప్పుడు దారిలో మేకలకి కూడా చెప్తున్నాను.

ఆవిడ పేరు యుడోక్సీ.
ఆవిడ గోడా నా గోడా ఒకటే.
తీగ మీద ఆరేసిన నా చొక్కాలు
ఒక మధ్యాహ్నం మాయమయ్యాయి.
సాయంత్రానికి మళ్లీ అక్కడే వేలాడుతున్నాయి,
తెల్లగా, కాలర్లు కిందికి.
చూసి ఊరుకోలేక మళ్లీ ఉతికిందట.
ఆ మాట ఆవిడ అనలేదు,
రమ్ము కొట్టు అరుగు మీద
బల్ల పగిలేలా డామినో ముక్క కొడుతూ
ఆల్ఫియస్ చెప్పాడు.
ఊరందరికీ తెలుసు
టీచరుకి బట్టలుతకడం రాదని.

నేను వచ్చింది చదవడం నేర్పడానికి.
కాగితంలో అలాగే ఉంది.
తుపాను కప్పెగరేసుకుపోయిన బడిలో
నీలం టార్పాలిన్ కింద ఎనిమిది మంది పిల్లలు.
వాన పడితే నా గొంతు వినపడదు,
ఎండ కాస్తే ఆ నీలమంతా
వాళ్ల మొహాల మీదికి దిగుతుంది.
కెర్లాన్ అనేవాడు
'షిప్' అన్న మాట దగ్గర
వారం రోజులు లంగరేశాడు.
రెండో వారం అసలు రాలేదు.
జ్వరమా అంటే పిల్లలు నవ్వారు,
"వాన పడింది కదా టీచర్,
పీతలు దిగుతాయి."

ఆ రాత్రి వాడి వెనకే వెళ్లాను
టార్చీ, ఖాళీ బియ్యం సంచీ పట్టుకుని.
వాగు ఒడ్డున ఎండుటాకుల మీద
ఎవరో కాగితాలు నలుపుతున్నట్టు చప్పుడు.
వెనక నుంచి పట్టాలి,
బొటనవేలు ఇక్కడ,
నువ్వు జంకితే దానికి తెలిసిపోతుంది.
నాకు ఒక్కటీ దొరకలేదు.
వాడికి ఇరవై రెండు.
"ఏం పర్లేదు టీచర్,
మొదట్లో అందరికీ కష్టమే" అన్నాడు
అచ్చం నా గొంతుతో.

నెలాఖరుకి నివేదిక పంపాలి.
లబ్ధిదారుల సంఖ్య అని ఒక గడి.
ఎనిమిది వేశాను,
కొట్టేసి ఏడు చేశాను,
మళ్లీ ఎనిమిది.
చొక్కాల సంగతి రాయడానికి
గడి లేదు.

నీళ్లు మంగళవారం వస్తాయి.
మంగళవారమంటే
బుధవారం తెల్లవారుజామున మూడింటికి.
యుడోక్సీ గోడ మీద గరిటెతో కొడుతుంది.
బకెట్లు, నూనె డబ్బాలు,
ఎవరిదో చంటిపిల్ల స్నానాల తొట్టి
చీకట్లో వరస కడతాయి.
కుళాయి ముందు దగ్గుతుంది,
గాలి ఊదుతుంది,
ఎర్రమట్టి ఉమ్ముతుంది.
అప్పుడు మొదలవుతాయి మాటలు
బడిలో మాట్లాడినందుకు
యుడోక్సీ చిన్నప్పుడు దెబ్బలు తిన్న భాషలో.

సా కా ఫెట్?
మ్వే లా.

ఎలా ఉన్నావంటే
ఉన్నాను, అని.
బాగున్నానని కాదు, బాగాలేననీ కాదు.
మార్కాపురంలో పలకలు కోసిన మా మేనత్త
కొంగుతో మొహం మీది రాతిదుమ్ము తుడుచుకుంటూ
సరిగ్గా ఇంతే అనేది.
ఏదో, ఉన్నానమ్మా.

ఈసారి వరసలో నా వంతు వచ్చేసరికి
కుళాయి సన్నబడింది,
దారమైంది,
ఆగిపోయింది.
టీచర్, సా కా ఫెట్? అన్నారెవరో వెనక నుంచి.
మ్వే లా, అన్నాను.
పలకడం తప్పింది కాబోలు, నవ్వారు.
యుడోక్సీ నవ్వలేదు.
తన డబ్బా వంచి
నా బకెట్లో సగం పోసింది.
"ఇవి తాగడానికే" అంది,
"చొక్కాల జోలికి పోకు."